పదకొండు ముడులు

పగ పెట్టుకోవడం మంచిది కాదని నాకు బుద్ధి చెప్పినవాళ్లలో ఒక్కరి బర్రె కూడా పోలేదు. పోయింది నాది. అందుకే తొమ్మిదేళ్లు పగ పెట్టుకున్నాను, తీర్చుకున్నాను, నడుమ కొన్నాళ్లు లేకపోయినా ఇప్పటికీ అదే ఇంట్లో అదే మనుషుల మధ్య ఉంటూ, తీర్చుకున్నందుకు సంతోషంగానే ఉన్నాను. ఈ ముక్క ముందే చెప్పేస్తే, చివరిదాకా చదివి "అయ్యో, ఈమె మారలేదే" అని ఎవరూ బాధపడక్కర్లేదు.

మాది మేడ్చల్‌కూ శామీర్‌పేటకూ నడుమ ఊరు. పంచాయతీకి రెండు వరసల చింతచెట్లు ఉండేవి. శామీర్‌పేట పోయే బాటకు అటూ ఇటూ ఉన్నవి బాట చెట్లు. ఊరి వెనక వాగు ఒడ్డున ఉన్నవి వాగు చెట్లు. ప్రతి ఏడూ కాయ పండకముందే పంచాయతీ ఆఫీసు ముందర ఆ ఏటి కాపును వేలం వేసేవాళ్లు. చెట్టు మీది కాయను చూసి, ఇంత పండు దిగుతుందని ఎవరికి వాళ్లు అంచనా కట్టుకొని పాడాలి. తక్కువ పాడితే ఇంకొకడు ఎత్తుకుపోతాడు, ఎక్కువ పాడితే గెలిచి మునుగుతావు.

ఆ చెట్లు ఏటేటా ఒక్కడికే పోయేవి. మనిషి లావుగా, తెల్ల బట్టల్లో, స్కూటరు మీద తిరిగేవాడు. ఊరంతా గుత్తేదారు అనేవాళ్లు. కాయ దులిపించి కళ్లంలో పోయిస్తే, మేం ఆడవాళ్లం కూలికి వెళ్లి చింతపండు కొట్టేవాళ్లం. పెంకు ఒలవాలి, నార లాగాలి, రాయి మీద పెట్టి గింజ కొట్టాలి. ఫాల్గుణం పోయేసరికి మా వేళ్లు నల్లబడి, గోళ్ల సందున పులుపు మంట పెట్టేది, ఉప్పు తగిలితే ప్రాణం పోయేది. కాయలు తెచ్చేటప్పుడు ఏ చెట్టు మూట ఏదో కూలీలు అరిచి చెప్పేవాళ్లు. ఆరేళ్లు కొట్టాక నాకు ఆ చెట్లు మనుషుల్లాగా తెలిసిపోయాయి. బాట చెట్ల కాయ పొడుగ్గా, చూడముచ్చటగా ఉంటుంది కానీ లోపల గింజ లావు, గుజ్జు పలచన. వాగు చెట్ల కాయ పొట్టిది, వంకరది, విరిస్తే వేలికి గుజ్జు అంటుకుంటుంది. ఈ సంగతి కొట్టే ఆడవాళ్లందరికీ తెలుసు. పాడే మగవాళ్లలో ఒక్కడూ మమ్మల్ని అడగలేదు.

తొంభైల నడుమ మా వాడలో పదిహేను మందిమి కలిసి పొదుపు సంఘం పెట్టుకున్నాం. వాగు చెట్లు మనమే పాడదామని నేనే అన్నాను. కూలికి కొట్టే బదులు మన కాయ మనం కొట్టుకొని అమ్ముకుందామని. నాలుగు పొద్దులు వాగు వెంట తిరిగి చెట్టుకు ఇన్ని మూటలని లెక్కేసి, పదకొండు వేల దాకా పాడితే మనకు మిగులుతుంది, ఆ పైన దండగ అని తేల్చాను. అందరూ సరేనన్నారు.

కానీ మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. ఆడమనిషి పాటలో నోరు విప్పకూడదు. ఆమె తరఫున ఇంటి మగవాడు పాడాలి, ఆడవాళ్లు ఆఫీసు పక్కనున్న బడి గోడ అవతల నిలబడి వినాలి. అందుకని మా ఆయన పాడాలి. మా ఆయన మంచివాడే, నలుగురిలోకి వెళ్తే మాత్రం తన బుర్ర ఇంట్లో పెట్టి వెళ్తాడు. నాకు నమ్మకం చాలక, చనిపోయిన మా మామ తలకు చుట్టుకునే పొడుగు రుమాలు తీసి, దానికి పదకొండు ముడులు వేసి ఆయన భుజాన వేశాను.

"వెయ్యికొక ముడి ఇప్పుకుంట పాడు. ముడులు అయిపోయినంక నోరు మూసుకొని ఇంటికి రా," అన్నాను.

"నాకు లెక్క రాదా ఏంది?" అని గొణిగాడు. గొణిగినా వేసుకునే పోయాడు.

పాట మొదలైంది. ఒకటి, రెండు, మూడు ముడులు విప్పాడు. బాగానే పాడుతున్నాడు. ఆరో ముడి మీద వేలు పెట్టేసరికి గుత్తేదారు చూశాడు.

"ఏం తమ్మీ, గా రుమాలుకు ముడులేంది? నీ పెండ్లాం కట్టి పంపిందా?" అని గట్టిగా నవ్వాడు. "ఎన్ని ముడులు కడితే గన్నే ఇప్పుతవా? అబ్బ, ఏం భక్తి!"

ఇక చూడండి, మగవాళ్లందరూ అందుకున్నారు. "ముడులు ఒడిసినంక ఇంటికివోయి మల్ల కట్టిచ్చుకొస్తడు తియ్యి," అన్నాడొకడు. "నోరు ఈనిది, మాట ఆమెది," అన్నాడు ఇంకొకడు. మా ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఆరో ముడి విప్పి, రుమాలు భుజం మీంచి లాగి నేలకు కొట్టాడు.

"ఎవల మాట లేదు. నా పాట నేనే పాడుత. పది వేలు!" అన్నాడు.

గుత్తేదారు పదకొండు అన్నాడు. ఈయన పన్నెండు అన్నాడు. గోడ అవతల నేను మునివేళ్ల మీద లేచాను. "ఏమయ్యా, ఇగ సాలు, ఆపు!" అని అరిచాను. "అగో, ఇంట్లకెల్లి ఆర్డరొచ్చింది," అని మళ్లీ నవ్వు. గుత్తేదారు పదమూడు అన్నాడు, ఆ నవ్వుకు ఈయన పదిహేను. గుత్తేదారు ఒక్కో మెట్టూ ఎక్కిస్తూ పోయాడు, తమ్మీ తమ్మీ అంటూ. మా ఆయన పంతొమ్మిది అనగానే చేతులు దులుపుకొని ఆగాడు.

"శభాష్ తమ్మీ, మొగోడివి అనిపించినవ్," అని మా ఆయన వీపు తట్టాడు. వెళ్తూ వెళ్తూ, మాకు వినపడేలా పక్కవాడితో అన్నాడు: "కూలికి కొట్టే చేతులు పాటకు దిగితే, రేపు నా కళ్లంల కొట్టెటందుకు ఎవలొస్తరు?"

అదీ అసలు సంగతి. అతనికి వాగు చెట్లు పోయినా పరవాలేదు, మేం మళ్లీ లేవకుండా ఉంటే చాలు. నేను గోడ దాటి వెళ్లి దుమ్ములో పడిన రుమాలు తీసుకున్నాను. అయిదు ముడులు ఇంకా అలాగే ఉన్నాయి. వాటిని విప్పకుండా ఇంటికి తెచ్చి పెట్టె అడుగున దాచాను.

పండు నేను చెప్పినంతే దిగింది, ధరా నేను చెప్పినంతే పలికింది. పదకొండుకు ఆగి ఉంటే నవ్వుకుంటూ ఇంటికి వచ్చేవాళ్లం. సంఘం ఆడవాళ్లు నన్ను కూర్చోబెట్టి, "ముడులు పదకొండే గట్టినం గదనే, మీదికివోయింది మీ ఆయన. మీరే నింపాలె," అన్నారు. న్యాయమే. కాదనలేదు. నింపడానికి ఇంట్లో ఉన్నది ఒక్కటే, నా బర్రె.

దాన్ని రావల్కోల్‌లో మా తల్లిగారింటి నుంచి పెయ్యగా తోలుకొచ్చుకున్నాను. నుదుట తెల్లమచ్చ, ఎడమ కొమ్ము కొంచెం కిందికి. నేను మెడ కింద గీకితే తప్ప పాలు చేపేది కాదు. ఆ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి అదొక్కటే ఉండేది. సూరారంలో ఫ్యాక్టరీ కూలీలకు పాలు పోసే ఒకతను వచ్చి కొనుక్కున్నాడు. పగ్గం పట్టి లాగితే కదల్లేదు. సందు మలుపు దాకా నేనే తోలుకెళ్లి అప్పజెప్పి, వెనక్కి చూడకుండా ఇంటికి వచ్చి గుంజ పక్కన కూలబడి ఏడ్చాను.

అంతటితో పోతే సగం కోపమే ఉండేది. నాలుగు రోజులకు మా వాడ మొదట్లో చాయ్ హోటల్ నడిపే ఆమె నన్ను పక్కకు పిలిచి, "ఏందే, మీ ఆయన గట్ల జెప్తుండు? నేనొద్దంటనే ఉన్న, మా ఆమెనే ఇన్లే, పాడుపాడుమని గోడకెల్లి ఒర్రింది అంటుండు," అంది. అరికాలి మంట నెత్తికెక్కింది. నేను ఒర్రింది నిజమే, ఆపుమని ఒర్రాను!

ఇంటికి వచ్చి అడిగాను. "గిట్లన్నవా, అనలేదా?"

ఆయన చెప్పులు చూసుకుంటూ, "నలుగుర్ల ఏదో ఒకటి అనాలె గద. పోనీ తియ్యి," అన్నాడు.

పోనీ తియ్యనా? ఊరంతా ఆ మాటే పట్టుకుంది. ఆడోళ్లు పాటకు పోతే గంతే అన్నారు. ఆడోళ్లకు ఆశ ఎక్కువ, ఆగుడు తెల్వదు అన్నారు. మా అత్త అయితే నాకు పేరే పెట్టింది, బర్రెను మింగినామె అని. ఇంటికి ఎవరొచ్చినా, "మా కోడలు పాటకు వోయి బర్రెను మింగింది," అని మొదలుపెట్టేది. నేను పక్కనే బియ్యం చెరుగుతూ వినాలి. మా ఆయన కూడా అక్కడే ఉండి వినేవాడు. ఒక్కసారి, ఒక్కసారైనా "కాదమ్మా" అనలేదు. ఆ రోజుల్లోనే ఒట్టు పెట్టుకున్నాను. గుత్తేదారు నోట్లోనే అతని పాట అడ్డం పడాలి, మా ఆయన నోటితోనే నిజం బయటికి రావాలి. రెండూ చూడకుండా చావకూడదు అనుకున్నాను.

మా సంఘంలో మిగతా ఆడవాళ్లు ఆ ఒక్క దెబ్బకే పాట వైపు చూడటం మానేశారు. "మనకెందుకే గీ లొల్లి," అన్నారు. వాళ్ల మీదా కోపం వచ్చింది. ఓడినప్పుడు మగవాళ్లకు ఒక సుఖముంది, తప్పు ఎప్పుడూ ఎక్కడో బయట ఉంటుంది. వాన పడలేదనో, మార్కెట్ పడిపోయిందనో, దిష్టి తగిలిందనో, పెండ్లాం మాట విన్నాననో అంటారు. మళ్లీ ఏడు అదే తప్పు చేయడానికి తయారుగా ఉంటారు. ఆడవాళ్లమేమో ఒక్కసారి కాలితే పొయ్యి దగ్గరికే పోం. రెండూ పనికిమాలిన పనులే. నేను మాత్రం మరుసటి ఏడు పాట నాడు బడి గోడ అవతలికి పోలేదు. తిన్నగా వెళ్లి పంచాయతీ ఆఫీసు మెట్టు మీద కూర్చున్నాను. "ఏందమ్మా, ఇంకో బర్రె ఉన్నదా?" అని ఎవరో అన్నారు. పళ్లు కొరుక్కొని కూర్చున్నాను.

చూడటం నేర్చుకున్నాను. రెండేళ్లు ఊరికే చూశాను. గుత్తేదారు అన్నా, తమ్మీ అని వరసలు కలుపుతూ పెద్దగా నవ్వుతున్నాడంటే ఆ చెట్లు అతనికి అక్కర్లేదు, ఎదుటివాణ్ణి ఎక్కిస్తున్నాడు. నిజంగా కావాలనుకుంటే నోరు కట్టేసుకుంటాడు, చెప్పు విడిచి కాలి బొటనవేలితో నేల గీస్తాడు. చెట్లను చూడటానికి ఒక్కసారే వస్తాడు, స్కూటరు దిగకుండా తలెత్తి చూసి పోతాడు. కాయను చేతిలోకి తీసుకోడు.

మూడో ఏడు నేనే పాడాను. "వాగు చెట్లకు ఆరు వేలు," అనగానే తలలన్నీ నా వైపు తిరిగాయి.

"మీ ఇంటాయన్ని పిలువమ్మా, ఆయన పాడాలె," అన్నాడు పాట రాసుకునే గుమాస్తా.

"ఏ కాయిదంల రాసున్నదో సూపెట్టు సారూ," అన్నాను.

అప్పటికి మా ఊరి సర్పంచు ఆడమనిషే. కుర్చీలో మాత్రం ఆమె మొగుడు కూర్చునేవాడు, ఆమె పక్కన స్టూలు మీద. ఆ పూట ఆమె మొగుడు నోరు తెరిచేలోపలే, "పాడనియ్యుండ్రి," అంది. పంచాయతీలో ఆమె గొంతు నేను వినడం అదే మొదలు. వినడంలో ఆమె మొగుడికి కూడా అదే మొదలనుకుంటా, అలాగే చూస్తుండిపోయాడు.

ఆ ఏడు నా అంచనా దగ్గర ఆగిపోయాను. గుత్తేదారు తీసుకున్నాడు. "భయపడ్డది," అని నవ్వారు. నవ్వుకోనిచ్చాను. తర్వాతి ఏడు నా అంచనాకు రెండు వందలు తక్కువలోనే వాగు చెట్లు నాకొచ్చాయి. చేతినిండా మిగిలింది. సంఘం ఆడవాళ్లలో నలుగురు సిగ్గుపడుతూ వచ్చి కొట్టడానికి కూర్చున్నారు. ఆ తర్వాత ఇంకో రెండుసార్లు గెలిచాను. నేను వదిలేసిన ఏడు పాడుకున్నవాడు ప్రతిసారీ చేతులు కాల్చుకున్నాడు.

అప్పుడు గుత్తేదారు ఒక తెలివైన పని చేశాననుకొని పెద్ద తెలివితక్కువ పని చేశాడు. చెట్లు చూడటం మానేసి, నన్ను చూడటం మొదలుపెట్టాడు. పాట దగ్గరపడేసరికి అతని బామ్మర్ది సైకిలు మీద నా వెనక తిరిగేవాడు. నేను ఏ చెట్టు కింద ఆగాను, ఎంతసేపు ఆగాను, కాయ విరిచి ముఖం ఎలా పెట్టాను అన్నీ వెళ్లి చెప్పేవాడు. అది కనిపెట్టిన నాడు ఆనందంతో నాకు అన్నం సయించలేదంటే నమ్మండి.

తొమ్మిదో ఏడు. అప్పటికి మా చుట్టుపక్కల భూములకు రెక్కలొచ్చాయి, ద్రాక్షతోటలు పీకేసి రాళ్లు పాతుతున్నారు, గుత్తేదారు కూడా ప్లాట్ల బేరాల్లో తిరుగుతున్నాడు. చింతచెట్లను మాత్రం వదల్లేదు, అవి అతనికి పరువు. ఆ ఏడు బాట చెట్లు విరగకాశాయి. కొమ్మలు వంగిపోయి, బస్సు పైకప్పులకు తగిలేవి. రాలిన కాయ ఒకటి తీసి విరిచాను. లోపల పిండి. ఇంకోటి విరిచాను, అదీ అంతే. చెట్టు చెట్టుకూ చూశాను. పెంకు మీద సూదిమొన అంత బెజ్జం, లోపల గుజ్జంతా పుచ్చు. బాట వెంట పోయేవాళ్లు వేలమంది, వంగి ఒక్క కాయ తీసి విరిచిన మగవాడు లేడు.

వెనక సైకిలు బెల్లు వినపడింది. చేతిలో ఉన్న పుచ్చిన కాయ నోట్లో పెట్టుకొని, కళ్లు మూసుకొని, "అబ్బ!" అన్నాను. సైకిలు పోయాక తుపుక్కున ఉమ్మాను.

నాలుగు రోజులు బాట చెట్ల కిందే తిరిగాను. వాగు వైపు తొంగి కూడా చూడలేదు, అక్కడేం కాసిందో నాకు ముందే తెలుసు. గిర్నీ దగ్గర పిండి పట్టించుకుంటూ నా మనుషులతో, "గీ ఏడు బాట చెట్లు ఇడిసిపెట్టేది లేదు, ఇల్లమ్మైనా సరే," అని గట్టిగా అన్నాను. అక్కడ అన్న మాట ఊరంతా తిరగడానికి ఒక పూట చాలు.

పాట నాడు పెట్టె తీసి మామ రుమాలు బయటికి తీశాను. ఆ పాత అయిదు ముడులు అలాగే ఉన్నాయి, దుమ్ముతో సహా. వాటి పక్కన ఇంకో ఇరవై అయిదు వేశాను. మొత్తం ముప్పై. వెళ్లి అందరికంటే ముందు, గుత్తేదారుకు ఎదురుగా కూర్చుని, రుమాలు ఒళ్లో పరుచుకున్నాను. అతని కళ్లు ముడుల మీద వరసగా నడవడం చూశాను. పెదవులు కూడా కదిలాయి, లెక్కపెట్టుకున్నాడు. మా ఆయన గోడకు ఆనుకొని నిలబడి ఆ రుమాలును గుర్తుపట్టాడు. తల దించుకున్నాడు.

మొదట బాట చెట్లే. నేను పాడుతూ వెయ్యికొక ముడి విప్పాను. పది దాటింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే తప్పుకున్నారు. పదిహేను దాటింది. గుత్తేదారు నవ్వడం లేదు, వరసలు కలపడం లేదు. చెప్పు విడిచాడు. బొటనవేలు నేల గీస్తోంది. నేను పంతొమ్మిది అన్నప్పుడు మా ఆయన వైపు ఒక్క చూపు చూసి మళ్లీ పాడాను. ఇరవై ఒకటి నాది, ఇరవై రెండు అతనిది. లోపల నాకు భయం లేదని అనను, అతను ఆగిపోతే ఆ పుచ్చుచెట్లు నా నెత్తిన పడేవి. కానీ నా ఒళ్లో ముడులు మిగిలి ఉన్నంతసేపు అతను ఆగడని నాకు తెలుసు. ఒక ఆడమనిషి ముప్పై దాకా పోవడానికి తయారై వచ్చిందంటే ఆ చెట్లలో ఎంతుందో అని అతని ప్రాణం కొట్టుకుంటోంది.

ఇరవై మూడు అన్నాను, ఇంకో రెండు ముడులు విప్పాను. ఏడు మిగిలాయి.

"ఇరవై నాలుగు!" అన్నాడు.

నేను రుమాలు మడిచి చంకలో పెట్టుకున్నాను. "నాకొద్దు, అన్నా. నువ్వే తీస్కో."

గుమాస్తా ఒకటోసారి అన్నాడు, రెండోసారి అన్నాడు. గుత్తేదారు లేచి నిలబడ్డాడు. "ఇంక ముడులున్నయి గద?" అన్నాడు, అది అన్యాయం అన్నట్టు.

"గవ్వా? గవి ఊకెనే కట్టిన," అన్నాను.

మూడోసారి కూడా అయిపోయింది. అప్పుడు లేచి, తొమ్మిదేళ్లుగా నాలుక కింద దాచుకున్న మాట అందరూ వినేలా అన్నాను. "శభాష్ అన్నా, మొగోడివి అనిపించినవ్."

తర్వాత వాగు చెట్ల పాట. అతనికి అందులో పాడే ఊపిరి లేదు. తొమ్మిది వేలకు నాకొచ్చాయి.

అబద్ధం ఎందుకు, ఆ రెండు నెలలు నేను పండగ చేసుకున్నాను. అతని కళ్లంలో పుచ్చిన కాయ కుప్ప పడిన రోజు నుంచి, పనున్నా లేకున్నా అటువైపే నడిచేదాన్ని. కొట్టడానికి కూర్చున్న ఆడవాళ్లు పదింటికి ఏడు పారేసి, నాలుగో నాడు లేచిపోయారు. స్కూటరు అమ్మేశాడు. మేడ్చల్ బస్సు కోసం ఎండలో నిలబడ్డప్పుడు నేను ఎదురుగా చెట్టు నీడలో నిలబడి చూశాను. "చెల్లె, నన్ను మోసం జేసినవ్," అన్నాడు ఒకసారి.

"పాడిన నోరు నీది. చెట్లు ఊర్లనే ఉన్నయి. చూడొద్దని ఎవలన్న నీ కాళ్లు పట్టుకున్నరా?" అన్నాను. బస్సొచ్చింది, ఎక్కిపోయాడు.

అప్పటికి సగం తీరింది. రెండో సగం ఇంట్లో ఉంది. చాయ్ హోటల్ ఆమె మళ్లీ పిలిచి, "మీ ఆయన మస్తు ఖుషీగున్నడే. మేం దెబ్బ గొట్టినం సూడు అంటుండు," అంది. మేం! ఆ ఒక్క మాటకు ఆరిన మంట మళ్లీ అంటుకుంది.

వాగు చెట్ల పండు అమ్మిన పైసలతో బర్రెను కొందామని ఆయనతో మేడ్చల్ పశువుల అంగడికి వెళ్లాను. నాకు నచ్చినదాన్ని నేనే చూసి, నేనే బేరం చేసి, పగ్గం ఆయన చేతికిచ్చాను.

"నువ్వే తోల్కపోవాలె, ఇంటిదాక. తొవ్వల ఎవలు అడిగినా సరే, గా ఏడు ఎక్కువ పాడింది నేనే అని జెప్పాలె."

"నీకేమన్న పిచ్చి లేసిందా? ఇజ్జత్ పోతది," అన్నాడు.

"నా ఇజ్జత్ తొమ్మిదేండ్ల సంది ఊర్ల తిరుగుతనే ఉన్నది. ఇగ నీది జరంత తిరగనియ్యి. లేకుంటే చెప్పు, బర్రెను గిక్కడనే ఇడిసిపెడ్త."

ఆయనకు నా ముఖం చదవడం అప్పటికి వచ్చింది. పగ్గం పట్టుకున్నాడు. నేను నాలుగు అడుగులు వెనక నడిచాను.

అంగడి దాటగానే గడ్డి అమ్మే ముసలాయన, మేం చాచా అని పిలిచేవాళ్లం, "క్యా బేటా, కొత్త బర్రెనా? మస్తుంది," అన్నాడు.

మా ఆయన గొంతులోనే ఏదో అన్నాడు. "ఇనవడలే," అన్నాను వెనక నుంచి.

"గా ఏడు... ఎక్కువ పాడింది నేనే చాచా."

"ఏం పాట? ఏ ఏడు?" అన్నాడు చాచా. పాపం, ఆయనకేం తెలుసు! మా ఆయన చెమటలు కారుస్తూ మొదటి నుంచి చివరిదాకా, రుమాలు, ముడులు, పంతొమ్మిది వేలు, అంతా చెప్పాల్సొచ్చింది. చాచా అంతా విని, నా వైపు చూసి, "బర్రెను అమ్మినప్పుడు కోడలుపిల్ల ఏడ్చిందా?" అని అడిగాడు. ఆయన పగ్గం లాగి ముందుకు నడిచాడు. ఆ ఒక్కదానికి నేను బలవంతం చేయలేదు.

తొవ్వ పొడుగునా ఏడుగురు అడిగారు. ఏడుగురికీ చెప్పాడు. చాయ్ హోటల్ ముందర నలుగురు మగవాళ్లున్నారు, అక్కడ గొంతు తగ్గించి చెప్పాడు. హోటల్ ఆమె గరిట పట్టుకొని బయటికి వచ్చి, "మల్లొకసారి జెప్పు, ఇనిపియ్యలే," అంది. ఆమెకు ముందే వినపడింది, నాకు తెలుసు. గుత్తేదారు తన ఇంటి అరుగు మీద కూర్చొని ఉన్నాడు. అతనికి కూడా చెప్పాడు. అతను తువ్వాలతో ముఖం తుడుచుకొని లోపలికి వెళ్లిపోయాడు.

మా వాకిట్లోకి వచ్చాక, "ఇగ ఒడిసిందా?" అన్నాడు మా ఆయన, ఏడుపు గొంతుతో.

"ఇంకొకలున్నరు," అన్నాను.

మా అత్త గడప మీద కూర్చొని ఉంది. అప్పటికి ఆమెకు చెవుడొచ్చి మూడేళ్లు. మామూలుగా చెబితే వినపడదు, అరవాలి. ఆయన నా వైపు చూశాడు. నేను చేతులు కట్టుకున్నాను.

"అమ్మా! గా ఏడు ఎక్కువ పాడింది నేను! ముడులు ఉండంగనే రుమాలు పారేసింది నేను! ఆమె వద్దన్నది! బర్రె వోయింది నా తోని!"

వాడంతా బయటికి వచ్చింది. గోడల మీంచి తలలు లేచాయి. నా తొమ్మిదేళ్ల ఆకలి ఆ అరుపుతో తీరింది, అనుకున్నాను.

మా అత్త చెవి దగ్గర చెయ్యి తీసేసి, "గింత ఒర్రుతవేందిరా? గది నాకు ఆ దినమే ఎర్క," అంది.

దగ్గరికి వెళ్లి చెవిలో అరిచాను. "ఎర్కుండి నన్నెందుకు అన్నవ్ అత్తా, ఇన్నేండ్లు?"

ఆమె నన్ను విచిత్రంగా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "వాణ్ణంటే అలిగి ఎటన్న వోతడు. నువ్వు యాడికి వోతవ్?"

ఎప్పటిలాగే సాయంత్రం చాయ్ కోసం ఖాళీ గిలాస నా వైపు జరిపింది. ఆ గిలాస తీసి మా ఆయన చేతిలో పెట్టాను. ఆయన చేతిలోంచి పగ్గం తీసుకున్నాను. పాత గుంజ అక్కడే ఉంది, బర్రె అప్పుడే దాని వైపు తిరిగింది కూడా. దాని మెడ కింద గీకి, మెల్లగా మళ్లీ వాకిలి వైపు మళ్లించాను. ఇంకా పొద్దు ఉంది.

"యాడికే?" అని మా అత్త వెనక నుంచి అరిచింది. చెవుడు కదా, జవాబు చెప్పినా వినపడదు. మా తల్లిగారి ఊరు రావల్కోల్ బాట పట్టాను.